ఆ చెట్ల సాలుకు ఆమె అమ్మ

మా చిన్నప్పుడు సోషల్ పాఠంలో ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది. అశోకుడు ప్రజల కోసం ఏమేం చేశాడు? అని. జవాబు నిద్రలో లేపి అడిగినా చెప్పేసేవాళ్ళం. బావులు తవ్వించాడు, బాటకి రెండు పక్కలా చెట్లు నాటించాడు. అంతే, మార్కులు పడిపోయేవి. అశోకుడు నాటించాడు సరే... ఆ గుంటలు తవ్విందెవరు? ఎండాకాలంలో ఆ మొక్కలకు నీళ్ళు మోసిందెవరు? మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్ళకంప కట్టిందెవరు? అని ఏ పిల్లా అడగలేదు. ఏ మాస్టారూ చెప్పలేదు.

2025 నవంబరులో ఒకరోజు పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. సాలుమరద తిమ్మక్క నవంబరు 14న బెంగళూరులో ఆస్పత్రిలో కన్నుమూసిందని వార్త. వయసు 114 ఏళ్ళని రాశారు. పక్కనే ఫోటో. బోసినవ్వు, నుదుట విభూతి రేఖలు, నెత్తిన చీరకొంగు. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నేను ఆ ఫోటో దగ్గర నుంచి కదల్లేకపోయాను.

సాలుమరద అన్నది ఆమె ఇంటిపేరు కాదు. కన్నడంలో 'సాలు' అంటే వరుస, 'మర' అంటే చెట్టు. మనకు మరీ పరాయి మాటలేం కావు. మనమూ నాగటి సాలు అంటాం, మాను అంటాం. సాలుమరద తిమ్మక్క అంటే 'చెట్ల వరుస తిమ్మక్క' అన్నమాట. పుట్టింటి నుంచి ఒక ఇంటిపేరు, పెళ్ళితో అత్తింటి నుంచి ఇంకో ఇంటిపేరు తెచ్చుకుంటాం మనం. తను చేసిన పనినే ఇంటిపేరుగా చేసుకున్న ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి!

కడుపు పండలేదని...

తిమ్మక్క పుట్టింది కర్ణాటకలో తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో. బడి మొహం చూడలేదు. పెళ్ళయి మాగడి తాలూకాలోని హులికల్ అనే పల్లెకు కాపురానికి వచ్చింది. భర్త పేరు చిక్కయ్య. ఇద్దరూ రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళే. ఆమె దగ్గర్లోని రాళ్ళ క్వారీలో కూలికి వెళ్ళేది.

పేదరికాన్ని ఆమె ఎలాగో భరించింది. భరించలేనిది ఇంకొకటి. ఏళ్ళు గడుస్తున్నా పిల్లలు పుట్టలేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో పిల్లలు లేని ఆడదాని బతుకు ఎలా ఉండేదో నేను చెప్పక్కర్లేదు. 'ఆ రోజుల్లో' అన్నాను గానీ, ఈ రోజుల్లో మాత్రం ఏం తక్కువ? పెళ్ళయిన ఏడాదికే "విశేషం ఏమైనా ఉందా?" అని అడిగేవాళ్ళు మన వీధిలోనే లేరూ? రెండేళ్ళకి ఆ ప్రశ్న గుసగుస అవుతుంది. ఐదేళ్ళకి ఏకంగా పేరైపోతుంది. ఆ పేరు మీకూ తెలుసు, నేనిక్కడ రాయను. ఆ దిగులుతో ప్రాణం తీసుకుందామా అనుకున్న రోజులు కూడా తిమ్మక్క జీవితంలో ఉన్నాయని ఆమె గురించి రాసినవాళ్ళు రాశారు.

ఇక్కడ చిక్కయ్య గురించి ఒక మాట చెప్పాలి. పిల్లలు లేరని ఇంకో పెళ్ళి చేసుకోవడం ఆ కాలంలో మగవాడికి చాలా మామూలు సంగతి. చిక్కయ్య ఆ పని చేయలేదు. భార్యతో కలిసి పలుగూ పారా పట్టుకున్నాడు. "పిల్లలు లేకపోతేనేం, మొక్కల్ని పెంచుకుందాం" అనుకున్నారు ఇద్దరూ. అనుకోవడం అందరం అనుకుంటాం. వాళ్ళు చేశారు.

పది... పదిహేను... ఇరవై

హులికల్ చుట్టుపక్కల మర్రిచెట్లకు కొదవ లేదు. వాటి నుంచే మొక్కలు కట్టి, హులికల్ నుంచి కుదూరు వెళ్ళే దారి పక్కన నాటడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది పది మొక్కలు. రెండో ఏడాది పదిహేను. మూడో ఏడాది ఇరవై. ఈ లెక్క చూస్తే నాకు భలే ముచ్చటేసింది. ఒక్కరోజులో లక్ష మొక్కలు నాటామని ఫోటోలు దిగడం, మరుసటి వేసవికి వాటిలో ఎన్ని మిగిలాయో చూడకపోవడం మనకు అలవాటైపోయింది. ఈ దంపతులది సంసారం చేసేవాళ్ళ లెక్క. ఎన్నిటికి నీళ్ళు మోయగలరో అన్నే నాటారు. అవి కుదురుకున్నాక ఇంకొన్ని.

పొద్దంతా కూలి, ఆ తర్వాత ఈ పని. వానలు పడేటప్పుడు నాటేవాళ్ళు, వేళ్ళు పట్టుకోవడానికి ఆ తడి సాయం చేస్తుందని. తరువాత వేసవి వచ్చేది. అసలు పరీక్ష అప్పుడు! నాలుగు బిందెల నీళ్ళు నాలుగు కిలోమీటర్లు మోసుకెళ్ళి మొక్క మొక్కకీ పోసేవారట. నీళ్ళు మోయడమంటే ఏమిటో మగవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. కుళాయి రాని రోజు వీధి చివర బోరింగు నుంచి రెండు బిందెలు తెస్తేనే నడుం పట్టేస్తుంది. అలాంటిది ఇంట్లోకి కాదు, రోడ్డు పక్కన ఎవరివీ కాని మొక్కల కోసం!

పశువులు మేసెయ్యకుండా ప్రతి మొక్క చుట్టూ ముళ్ళకంపలు కట్టారు. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఆ దారి అలా ఉండేదేమో. వేళకి నీళ్ళు, దిష్టి తగలకుండా కాపలా.

అలా ఏడాది మీద ఏడాది గడిచి, సుమారు నాలుగు కిలోమీటర్ల దారి పొడుగునా 385 మర్రిచెట్లు నిలబడ్డాయి. పిల్లలు లేని తిమ్మక్కకు 385 మంది! తన జీవితకాలంలో ఇవి గాక ఇంకా వేల చెట్లు పెంచిందని చెబుతారు. వేరేవి లెక్క చూడకపోయినా, ఈ ఒక్క సాలు చాలు.

మర్రి చెట్టే ఎందుకు?

మీకూ ఈ అనుమానం వచ్చే ఉంటుంది. మామిడో, చింతో, కొబ్బరో పెట్టుకుంటే నాలుగు డబ్బులైనా వచ్చేవి కదా! మర్రికాయల్ని ఎవరు కొంటారు? దుంగలు కోసి తలుపులు చేయించుకునేంత కర్రా కాదు అది.

కానీ ఆలోచిస్తే, మర్రి చెట్టంత ఉదారమైన చెట్టు ఇంకొకటి లేదనిపిస్తుంది. దాని నీడ ఒక పందిరి. కొమ్మల నుంచి ఊడలు దిగి, నేలను తాకి, అవే మళ్ళీ మొదళ్ళవుతాయి. అంటే చెట్టు ముసలిదవుతున్నకొద్దీ దానికి కొత్త కాళ్ళొస్తాయన్నమాట! ఎర్రటి పండ్లు మనం తినం గానీ గోరింకలకూ, పికిలిపిట్టలకూ, రాత్రిపూట గబ్బిలాలకూ అదే పెళ్ళి భోజనం. ఆ పిట్టల రెట్టల్లో పడిన గింజే ఎక్కడో పాతగోడ పగుల్లోనో, తాటిచెట్టు మట్టల మధ్యనో మొలుస్తుంది. ఆకులు మేకలకు మేత. మన పల్లెల్లో మర్రాకులతో విస్తర్లు కుట్టేవాళ్ళు, ఊడలతో పళ్ళు తోముకునేవాళ్ళు. నాటినవాడికి ఏమీ రాదు, దారినపోయే ప్రతివాడికీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఎవరికోసమో చేసే పనికి ఇంతకంటే తగిన చెట్టు ఉందా?

అన్నట్టు అశోకుడి ఏడో స్తంభ శాసనంలో ఒక మాట ఉంది. మనుషులకూ పశువులకూ నీడ ఉండాలని బాటల పక్కన మర్రిచెట్లు నాటించానని ఆయన చెక్కించుకున్నాడు. ఆయనా మర్రినే ఎంచుకున్నాడు! చక్రవర్తికి వేలమంది పనివాళ్ళు, చెక్కించుకోవడానికి రాతి స్తంభాలు. తిమ్మక్కకు ఒక భర్త, నాలుగు బిందెలు. పైగా ఆమె బతుకంతా కొట్టింది రాళ్ళే అయినా, ఒక్క రాయి మీద తన పేరు చెక్కుకోవాలని అనుకోలేదు.

తిమ్మమ్మ, తిమ్మక్క

మన తెలుగువాళ్ళకు మర్రి అనగానే గుర్తొచ్చేది తిమ్మమ్మ మర్రిమాను. కదిరి దగ్గర ఉంది. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఐదెకరాలకు పైగా పరుచుకున్న ఈ మానును ప్రపంచంలోనే అతి పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కించారు. తిమ్మమ్మ భర్త చితిలో సహగమనం చేసిందనీ, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఇంత మానైందనీ అక్కడి కథ. పిల్లలు లేనివాళ్ళు అక్కడికి వెళ్ళి మొక్కుకుంటారు, పుడతారని నమ్మకం.

పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా! తిమ్మమ్మ, తిమ్మక్క. అక్కడా మర్రే, ఇక్కడా మర్రే. అక్కడా పిల్లలు లేని దిగులే, ఇక్కడా అదే. కానీ ఒక్క తేడా. కథలో తిమ్మమ్మ భర్తతో పాటు బూడిదై చెట్టుగా మొలిచింది. చిక్కయ్య 1991లో పోయాడు. తిమ్మక్క ఆ తరువాత 34 ఏళ్ళు బతికి చెట్ల కోసం తిరుగుతూనే ఉంది. నమ్మకాల్ని తక్కువ చెయ్యాలని కాదు గానీ, మన ఆడపిల్లలకు ఏ కథ చెప్పాలి అని అడిగితే నేను రెండో కథే చెబుతాను. పోయినవాళ్ళ మీద ప్రేమ చూపించడానికి మనం పోనక్కర్లేదు. వాళ్ళతో కలిసి మొదలుపెట్టిన పని ఆపకుండా చేస్తే చాలదూ!

భర్త పోయాక ఆమె బతుకేమీ సుఖంగా సాగలేదు. 1990ల మధ్యలో ఆమె గురించి దేశానికి తెలిసింది, జాతీయ పౌర పురస్కారం వచ్చింది. అక్కడి నుంచి సన్మానాలు, శాలువాలు, బిరుదులు. జనం 'వృక్షమాత' అన్నారు. అమెరికాలోని ఓక్లాండ్‌లో పర్యావరణ విద్య కోసం పెట్టిన ఒక సంస్థకు ఆమె పేరు పెట్టుకున్నారు. 2016లో బీబీసీ వాళ్ళు ప్రపంచంలోని వందమంది స్త్రీలలో ఒకరుగా ఎంచారు. ఇన్ని వచ్చినా చాలాకాలం చిన్న పెన్షను మీదే రోజులు నెట్టింది. శాలువా కప్పుకుంటే చలి ఆగుతుందేమో గానీ ఆకలి ఆగదు కదా! ఈ పద్ధతి మాత్రం మనకు ఏ రాష్ట్రంలోనైనా ఒక్కటే.

అయినా ఆమె అడిగింది తన కోసం తక్కువ, ఊరి కోసం ఎక్కువ. హులికల్‌లో ఆస్పత్రి కావాలన్నది ఆమె ఎన్నాళ్ళ నుంచో అడుగుతూ వచ్చిన కోరిక. పెద్ద వయసులో ఒక యువకుణ్ణి దత్తు తీసుకుంది. అతనూ మొక్కల పిచ్చి ఉన్న మనిషే. కొడుకు ఎవరని చూసుకోలేదు, పని ఎవరు అందుకుంటారని చూసుకుంది.

రాష్ట్రపతి తల మీద చెయ్యి

2019 మార్చిలో రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ ఇచ్చినప్పటి దృశ్యం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆమెను ఫోటోకి కెమెరా వైపు తిరగమన్నారు. ఆవిడకు కెమెరా సంగతి ఏం పట్టింది! చెయ్యెత్తి ఆయన తల మీద పెట్టి దీవించేసింది. అంత కట్టుదిట్టమైన సభలో అందరూ నవ్వు మొహాలతో చప్పట్లు కొట్టారు. పెద్దపెద్ద వాళ్ళు అక్కడ చేతులు కట్టుకుని నిలబడతారు. మన ఇంటికొచ్చిన అమ్మమ్మ మనవడి తల నిమిరినట్టు ఆమె నిమిరింది. కడుపున పుట్టినవాళ్ళు ఉంటేనే ఆ చెయ్యి వస్తుందని ఎవరన్నారు?

అదే ఏడాది ఆమెకు ఇంకో పరీక్ష ఎదురైంది. బాగేపల్లి - హలగూరు రోడ్డు వెడల్పు చేసే పనిలో ఆమె మర్రిచెట్లు కొన్ని పోతాయన్న కబురు వచ్చింది. నూరేళ్ళు దాటిన మనిషి ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ప్రభుత్వ పెద్దలకు మొర పెట్టుకుంది. చెట్లు పోకుండా వేరే దారి చూడండని అప్పటి ముఖ్యమంత్రి కుమారస్వామి అధికారులకు చెప్పారు. పెంచడం ఒక ఎత్తు, పెంచినదాన్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. పిల్లల్ని కన్న తల్లులకు ఈ సంగతి వేరే చెప్పాలా?

కర్ణాటకలో ఊరూరా 'సాలుమరద తిమ్మక్క' పేరుతో వృక్షోద్యానాలు వెలిశాయి. రోడ్ల పక్కన నీడచెట్లు పెంచే పథకానికి ఆమె పేరు పెట్టారు. 2022లో ఆమెకు కేబినెట్ మంత్రి హోదా ఇచ్చి పర్యావరణ రాయబారిని చేశారు. పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఎవరు తలకొరివి పెడతారని ఒకప్పుడు ఊరు నవ్విన మనిషికి రాష్ట్రమంతా వారసులైంది.

నేను అనలేకపోయిన మాట

ఇంతసేపూ ఇదంతా ఎందుకు రాశానో ఇప్పుడు చెబుతాను. మాకూ ఒక తిమ్మక్క ఉండేది. మా దొడ్డమ్మ.

దొడ్డమ్మకు పిల్లలు లేరు. ఊళ్ళో బస్సు ఆగేచోట మండుటెండలో జనం నిలబడటం చూసి, రెండు కానుగ మొక్కలు తెచ్చి పాతింది. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు బకెట్లో పట్టి సాయంత్రం మోసుకెళ్ళి పోసేది. "ఈవిడకేం పనీపాటా లేదు" అని నవ్వేవాళ్ళు. చెట్లు పెరిగాక ఏటా వేసవిలో వాటి కింద ఇసుక పోసి, రెండు కుండలు పెట్టి, మంచినీళ్ళు నింపేది. నవ్వినవాళ్ళే ఆ నీడన నిలబడి, ఆ నీళ్ళే తాగి బస్సెక్కేవాళ్ళు.

మా అబ్బాయి బారసాలకు దొడ్డమ్మ వచ్చింది. పిల్లాడికి వెండి మొలతాడు తెచ్చింది. ఉయ్యాల్లో వేసే వేళకు అందరితో పాటు తనూ ముందుకొచ్చింది. అంతలో పెద్దావిడ ఒకరు, గట్టిగా కాదు, మెల్లిగానే అన్నారు. "ముందు పిల్లలున్న వాళ్ళు రండమ్మా" అని. పీటల మీద కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. నేను డిగ్రీ చదువుకున్నాను. కథలు రాస్తాను. ఆ కథల్లో నా కథానాయికలు గొంతెత్తి మాట్లాడతారు. నేను మాత్రం తల వంచుకుని బాబు మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. "మా దొడ్డమ్మే ముందు వెయ్యాలి" అన్న నాలుగు మాటలు నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

తరువాత ఆవిడ కోసం వెతికితే పెరట్లో కనిపించింది. చెంబుతో నిమ్మ మొక్కకు నీళ్ళు పోస్తోంది. "ఎండిపోతోందే, చూసుకోవట్లేదా?" అంది నన్ను చూసి. అంతే అంది. నేనూ ఏమీ అనలేదు. దొడ్డమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ క్షమాపణ నా దగ్గరే ఉండిపోయింది.

తిమ్మక్క ఫోటో చూస్తూ నేను కదల్లేకపోయింది అందుకే. ఆమె గొప్పతనం 385 చెట్లలో ఉంది, నిజమే. కానీ ఆ చెట్లు నాటడానికి ముందు ఎవరెవరు ఆమెను ఏ ఉయ్యాల దగ్గర నుంచి వెనక్కి పంపారో! ఆ పంపినవాళ్ళలో మనమూ ఉన్నాం. నోరు మూసుకుని చూసినవాళ్ళలో తప్పకుండా ఉన్నాం.

పది మంది కొడుకులు ఒక చెట్టుతో సమానమని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఆ మాట సభల్లో చెప్పుకోవడం తేలిక. మన ఇంటి పేరంటంలో పాటించడమే కష్టం. ఈసారి మీ ఇంట్లో సీమంతమో, బారసాలో, నోమో జరిగితే, మీ వీధిలో పిల్లలు లేని ఆవిడ ఎవరున్నారో గుర్తు చేసుకోండి. బొట్టు పెట్టి పిలవడం మొదట ఆవిడ ఇంటి నుంచే మొదలుపెట్టండి. తాంబూలంలో ఒక మొక్క కూడా పెట్టండి. ఎవరైనా మెల్లిగా ఏదైనా అంటే, మీరు గట్టిగా బదులు చెప్పండి. నాలా తల వంచుకోకండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ కానుగ చెట్ల కిందే బస్సు దిగాను. కుండలు పెట్టిన చోట ఇసుక గట్టిపడిపోయి ఉంది. ఈ వేసవికి అక్కడ మళ్ళీ రెండు కుండలు పెట్టించే ఏర్పాటు చేసి వచ్చాను. చాలా ఆలస్యమైందని తెలుసు. కానీ చెట్టు నీడకి కోపం ఉండదు కదా!